పంటికి పొన్ను

సంక్రాంతి నాడు సూరత్ వీధుల్లో జనం పలచగా ఉంటారు. ఊరంతా డాబాలమీదికి ఎక్కి ఉంటుంది. ఉత్తరాయణ్ అని అక్కడివారు పిలుచుకునే ఆ పండుగనాడు సూర్యుడికంటె గాలిపటాలకే మర్యాద ఎక్కువ. మూడేళ్ళ క్రితం ఆ రోజున, నగరానికి దక్షిణాన పాండేసరా మిల్లులకు దాపున ఉన్న వడోద్‌లో, మా చిన్నాన్నగారి కుమారుని ఇంటి డాబామీద నేనూ కూర్చుని ఉన్నాను. నల్లగొండ జిల్లాలోని మా పల్లె నుంచి వచ్చిన సకినాల డబ్బా మా మధ్య తెరచి ఉన్నది. అన్న ఒక సకినం విరిచి నోట వేసుకున్నాడు. టక్కుమని ఒక చప్పుడు నాకు కూడా వినిపించింది.

"రాయి ఉన్నట్టున్నది" అన్నాడు మొదట. తరువాత నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నది రాయి కాదు. జొన్నగింజంత తెల్లని పంటిముక్క.

"నొప్పి లేదు చెల్లె. ఇసుమంత గూడ లేదు. పన్నేమో సగం చేతికొచ్చింది" అన్నాడు, ఆశ్చర్యంగా.

నొప్పి లేకపోవడంలోనే అసలు కథ ఉన్నదని నాకు రెండు రోజుల తరువాత అర్థమయింది. ఉత్తరాయణ్ మరునాడు కూడా అక్కడ పండుగే. కనుక మూడవ రోజున అన్నతోపాటు నేనూ దంతవైద్యుని దగ్గరకు వెళ్ళాను. వైద్యుడు గుజరాతీయుడు, నడివయస్సువాడు, తొందరలేని మనిషి. ఎక్స్‌రే తీసి, కిటికీ వెలుగుకు ఎత్తి చూపించాడు. కింది వరుసలో ఎడమవైపు పెద్ద దవడపన్ను నిలువునా చీలి, చీలిక వేరుదాకా దిగిపోయింది. చీలిన వేరును అతికించే జిగురు ఇంతవరకు లోకంలో లేదు. ఆ పన్ను తీసివేయవలసిందే.

తరువాత ఆయన పాత చీటీ ఒకటి వెదకి తీశాడు. ఎనిమిది నెలల క్రితం ఆ పంటికే ఆయన రూట్ కెనాల్ చికిత్స చేశాడు. చీటీ చివర ఎర్రసిరాతో, 'క్యాప్ కోసం మళ్ళీ రావాలి' అని ఉన్నది. అన్న వెళ్ళలేదు. మరమగ్గాల కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ. ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోయినట్టే. చికిత్సకు అప్పటికే చాలా ఖర్చయింది, క్యాప్ అంటే దాదాపు మళ్ళీ అంత. "నొప్పి పోయింది గద సార్. మల్లెందుకు అనుకున్న" అన్నాడు.

డాక్టరు ఆయనను మందలించలేదు. "నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది సరిగ్గా ఇదే మాట అంటారు" అని మాత్రం అన్నాడు.

ఇక్కడ నా వృత్తిని గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను అనువాదకురాలిని. చాలా ఏళ్ళ క్రితం దంతసంరక్షణను గురించిన ఒక చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెనిగిస్తూ, 'క్రౌన్' అనే మాటకు 'దంతకిరీటం' అని వ్రాసి, ఎంతో చక్కగా కుదిరిందని మురిసిపోయాను. ఆ రోజు సూరత్ దవాఖానా బల్లమీద కూర్చుని మొదటిసారిగా దానికి సిగ్గుపడ్డాను. కిరీటమంటే రాజులకు ఉండేది, ఉన్నవారు పెట్టుకునేది, లేనివారికి లేకపోయినా జరిగిపోయేది. టోపీ, క్యాప్ అనే మాటలూ అంతే. ఎండ తగ్గగానే తీసి పక్కన పెట్టదగినవి. నెలజీతం లెక్కపెట్టుకునే మనిషి ఆ మాటలు విని, అది అలంకారమనీ, వాయిదా వేయవచ్చుననీ అనుకుంటే తప్పెవరిది?

ఇంగ్లీషులో చిగురుపైన కనిపించే పంటి భాగాన్ని కూడా క్రౌన్ అనే అంటారు. పుట్టుకతో వచ్చిన ఆ పైభాగం శిథిలమయినప్పుడు దాని స్థానంలో తొడిగేది కనుక దీనికీ అదే పేరు. మనకు మాత్రం ఇంతకంటె మంచి మాట వంటింట్లోనే ఉన్నది. రోకలి చివర ఇనుప కట్టు ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని పొన్ను అంటాం. పొన్ను లేని రోకలితో నాలుగు రోజులు దంచితే కర్ర నిలువునా పగులుతుంది. పొన్ను వేయడం అందానికి కాదు, దెబ్బ పడినప్పుడు కర్ర విచ్చుకోకుండా చుట్టూ పట్టి ఉంచడానికి. పంటి తొడుగు చేసే పని కూడా సరిగ్గా ఇదే. విశేషమేమంటే, తొడుగు అంచు పంటి గోడను చుట్టి పట్టుకునే ఆ కొద్దిపాటి మేరను ఇంగ్లీషు దంతవైద్యులు 'ఫెరూల్' అంటారు. నిఘంటువు తెరచి చూస్తే దాని అర్థం పొన్ను!

పన్ను ఎందుకు పగులుతుందో తెలియాలంటే అది ఎలా కట్టబడి ఉన్నదో తెలియాలి. పైన కనిపించే ఎనామిల్ మన దేహంలోని పదార్థాలన్నింటిలో గట్టిది, ఎముకకంటె కూడా. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాని గాజువలె గట్టిదీ, గాజువలె పెళుసుదీ. దానికింద కొంచెం సాగే గుణమున్న డెంటిన్, దాని నడుమ నరాలూ రక్తనాళాలూ నిండిన మెత్తని గుజ్జు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్ మాత్రం పోయిందంటే పోయినట్టే. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటకు రాగానే నశిస్తాయి. ఆరేళ్ళ వయస్సులో వచ్చే మొదటి పెద్ద దవడపన్ను, అరవై ఏళ్ళు వచ్చినా అదే సామగ్రితో నెట్టుకురావాలి.

దానిమీద పడే భారం తక్కువది కాదు. గట్టిగా పళ్ళు బిగించినప్పుడు వెనుక దవడల మధ్య యాభై, అరవై కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పుడుతుంది. దవడపంటికి పైన నాలుగైదు మిట్టలుంటాయి. ఎదురుపంటి మిట్ట వచ్చి వీటి నడుమ దిగినప్పుడల్లా, మొద్దు నడుమ దిగగొట్టిన మేకులాగా, ఇవి పక్కలకు విడిపోవాలని చూస్తాయి. పన్ను నిండుగా ఉన్నంతకాలం మిట్టలను కలిపి ఉంచే అంచుగోడలు దాన్ని తట్టుకుంటాయి. పుచ్చు ఆ గోడలను తినివేసినప్పుడు, ఇంటికి దూలం తీసివేసినట్టే.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఎందుకు సులువుగా పగులుతుంది అన్న ప్రశ్నకు చిరకాలంగా ఒక జవాబు ప్రచారంలో ఉన్నది: ప్రాణం పోయిన పన్ను ఎండుకట్టెలా పెళుసుబారుతుందని. మన ఇళ్ళలోనూ 'చచ్చిన పన్ను' అంటారు. ఆ జవాబు పూర్తిగా సరైనది కాదు. 1989లో రీ, మెస్సర్, డగ్లస్ అనే పరిశోధకులు తీసివేసిన పళ్ళమీద అంచెలంచెలుగా కోతలు పెట్టి, ప్రతి అంచెలోనూ పంటి బిగువు ఎంత తగ్గుతున్నదో కొలిచారు. వేరులోకి దారి చేయడానికి పైన పెట్టే రంధ్రం వల్ల తగ్గింది 5 శాతమే. కాని ముందు అంచుగోడ, నడుమ భాగం, వెనుక అంచుగోడ మూడూ పోయేటంత గుంట తవ్వినప్పుడు 63 శాతం తగ్గిపోయింది. అంటే పంటిని బలహీనపరచేది చికిత్స కాదు. చికిత్సదాకా తెచ్చిన పుచ్చు, దాన్ని శుభ్రపరచడంలో పోయిన గోడలు.

దీనికి తోడు మరొక చిక్కు. నరం తీసివేసిన పన్ను తన బాధను చెప్పుకోలేదు. పచ్చిపన్నయితే పగులు మొదలవగానే జివ్వుమంటుంది. మనం ఆవైపు నమలడం మానివేస్తాం. నరం లేని పన్ను మౌనంగా చీలుతుంది. అన్నకు చేతిలో సగం పన్ను ఉన్నప్పటికీ నొప్పి తెలియలేదంటే కారణమిదే.

తొడుగు వల్ల నిజంగా తేడా ఉంటుందా? అమెరికా పరిశోధకులు అక్విలినో, కాప్లాన్‌లు 2002లో ప్రకటించిన లెక్క ప్రకారం, రూట్ కెనాల్ చేయించుకున్న పళ్ళలో తొడుగు లేనివి, ఉన్నవాటికంటె ఆరు రెట్లు ఎక్కువగా ఊడిపోయాయి. ఇటువంటి లెక్కలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. తొడుగు వేయించుకునేవారు పళ్ళను గురించి సహజంగానే శ్రద్ధ ఉన్నవారు కావచ్చు. చెడిపోవడం ఖాయమనిపించిన పంటికి వైద్యుడే తొడుగు వద్దని ఉండవచ్చు. ఆ మేరకు తగ్గించి చూసినా తేడా చిన్నది కాదు.

అయితే ఇది అన్ని పళ్ళకూ వర్తించే సూత్రం కాదు. 1984లో సోరెన్సెన్, మార్టినాఫ్ అనేవారు రూట్ కెనాల్ చేసిన 1273 పళ్ళను పరిశీలించారు. దవడపళ్ళకు తొడుగు ఎంతో మేలు చేసింది. ముందు పళ్ళకు మాత్రం చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. ముందు పళ్ళు కొరికేవే గాని నూరేవి కావు. వాటిమీద మేకు దిగినట్టు ఒత్తిడి పడదు. ముందు పంటి వెనుకవైపు చిన్న రంధ్రం చేసి చికిత్స చేసి, మిగిలిన పన్నంతా గట్టిగా ఉన్నప్పుడు ఆ రంధ్రాన్ని పూడ్చితే చాలు.

ఈ సంగతి మాకు ఆ రోజే మరొక విధంగా అవసరమయింది. అన్న కూతురు కూడా మాతో వచ్చింది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, బీకాం చదివింది. నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. పైవరుస ముందు పళ్ళమీద సుద్దతెలుపు చారలు, వాటి నడుమ గోధుమరంగు మరకలు. వాళ్ళ పల్లె మర్రిగూడ ప్రాంతంలోనిది. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళను గురించి తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించిన షార్ట్ బృందం చూసిన రోగులు కూడా తెలుగుప్రాంతం వారే. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లావారు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ కింద నదీజలాలు వచ్చేదాకా ఆ పల్లెల్లో బోరునీళ్ళే గతి.

ఫ్లోరైడు మరక పైనుంచి అంటుకునేది కాదు. చిగురు లోపల పన్ను తయారవుతున్న వయస్సులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీటివల్ల ఎనామిల్ కూర్పులోనే లోపం వస్తుంది. అందుకు అన్న ఇల్లే సాక్ష్యం. కూతురు ఎనిమిదేళ్ళ వయస్సుదాకా పల్లెలో పెరిగింది. తరువాత కుటుంబం సూరత్ చేరింది. అక్కడ తాగేది తాపీ నది నీరు. వడోద్‌లో పుట్టిన కొడుకు పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఒకే తల్లి, ఒకే వంట, రెండు రకాల నీళ్ళు.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. రెండుచోట్ల పళ్ళ మాట వచ్చిందట. ఎవరో పెద్దమనిషి, ముందు పళ్ళు ఆరింటికీ తెల్ల క్యాపులు వేయిస్తే ఒక్క వారంలో తేలిపోతుందని వదినకు సలహా ఇచ్చాడు. తన పంటికి క్యాప్ వేయించుకోవడానికి డబ్బులేదనుకున్న మనిషి, కూతురి ఆరు పళ్ళకు అప్పు చేయడానికి సిద్ధపడి ఉన్నాడు. తండ్రి మనస్సు అటువంటిది. కాని ఒకే ఇంట్లో తొడుగు అవసరమైన పంటికి అది దక్కలేదు. అవసరం లేని ఆరు పళ్ళు దాన్ని ధరించబోతున్నాయి.

డాక్టరు అమ్మాయి పళ్ళను నిదానంగా చూశాడు. గుంటలు లేవు, పుచ్చు లేదు, పెచ్చులూడలేదు. "ఈ పళ్ళకు జబ్బు లేదమ్మా, రంగు మాత్రమే ఉన్నది" అన్నాడు. నిండు తొడుగు వేయాలంటే పంటిని చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మేర అరగదీయాలి. వినడానికి ఇది స్వల్పం. కాని ముందు పన్నే చిన్నది. ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్‌లు 2002లో తూచి చూసిన ప్రకారం, నిండు తొడుగు కోసం ముందు పంటి పైభాగంలో 63 నుంచి 72 శాతం దాకా చెక్కివేయవలసి వస్తుంది. మూడింట రెండు వంతులు! చెక్కిన పన్ను మళ్ళీ పెరగదు. ఇరవై రెండేళ్ళకు వేసిన తొడుగు పదీ పదిహేనేళ్ళకు మార్చవలసి వస్తుంది. ఆ తరువాత మళ్ళీ. ప్రతిసారీ మిగిలే పన్ను తగ్గుతుంది. అంతగా చెక్కినందువల్ల లోపలి నరం దెబ్బతిని, కొందరిలో ఆరోగ్యంగా ఉన్న పంటికి రూట్ కెనాల్ అవసరమవుతుంది.

ఆ అమ్మాయికి ఆయన చెప్పిన మార్గం వేరు. పైపొరను నూలుపోగంత మేర మందుతో రుద్ది తీయడం, రంగు తేల్చే మందు పూయడం, మిగిలిన మరకలమీద పంటిరంగు పూత అద్దడం. అప్పటికీ చాలకపోతే పంటి ముందువైపు మాత్రమే అంటించే పలుచని పింగాణి రేకు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎనామిల్ గుంటలుపడి పెళ్ళలు రాలుతుంటే మాత్రం తొడుగు న్యాయమే. మరకకు కాదు, శిథిలానికి.

వడోద్, పాండేసరా ప్రాంతాలలో దంతవైద్యుని పనిని కష్టతరం చేసేది మరొకటి ఉన్నది. అక్కడ దాన్ని మావా అంటారు: వక్కపలుకులు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి బుగ్గన పెట్టుకునేది. రాత్రిపాళీలో మగ్గం ముందు నిద్ర ఆపుకోవడానికి చాలామందికి అదే ఆధారం. గుట్కాను గుజరాత్ ప్రభుత్వం 2012లో నిషేధించింది గాని, అంగడి ముందు చేతితో కలిపి ఇచ్చే మావాకు అంత సులువుగా అడ్డుపడలేదు. వక్క ఎంత గట్టిదో అడకత్తెర పట్టిన ప్రతివారికీ తెలుసు. రోజుకు పదిసార్లు దాన్ని నమిలే దవడపళ్ళ మిట్టలు అరిగి పళ్ళెంలా చదునవుతాయి. సన్నని పగుళ్ళు పుడతాయి. అంతకంటె పెద్ద నష్టం, వక్క వల్ల బుగ్గల లోపలి పొర నారకట్టి బిగుసుకుపోవడం. నోరు మూడు వేళ్ళ మేర తెరుచుకోవాలి. అన్నకు రెండు వేళ్ళు పట్టి మూడవది పట్టలేదు. ఇంకా బిగిస్తే వెనుక పంటికి తొడుగు వేయడానికి కావలసిన పనిముట్లు లోపలికి పోవు. ఆ బిగువు క్యాన్సరుకు దారి తీయగలదని కూడా డాక్టరు చెప్పాడు. తొడుగు సంగతి తరువాత, ముందు మావా మానమన్నాడు.

పోయిన పన్ను పోగా, డాక్టరు కుడివైపు దవడను కూడా పరీక్షించాడు. అక్కడి పెద్దపంటిలో ఎప్పుడో నింపిన వెండి సిమెంటు పంటికంటె ఎక్కువగా కనిపిస్తున్నది. ఒక చిన్న ప్లాస్టిక్ పుల్లను ఒక్కొక్క మిట్టమీద పెట్టి కొరకమన్నాడు. కొరికినప్పుడు ఏమీ లేదు. నోరు తెరవగానే అన్న కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. ఇది గుర్తుంచుకోదగిన లక్షణం: కొరికినప్పటికంటె వదిలినప్పుడు సూది గుచ్చినట్టు జివ్వుమనడం. పగిలిన మిట్ట ఒత్తిడి తీయగానే తిరిగి మూసుకోవడం వల్ల ఆ పోటు. 1964లో కామెరాన్ అనే వైద్యుడు దీనికి 'పగులుపంటి లక్షణ సముదాయం' అని అర్థమిచ్చే పేరు పెట్టాడు. ఎక్స్‌రేలో ఇటువంటి పగులు తరచుగా కనబడదు. రోగి చెప్పే మాటే ఆధారం. పగులు పైభాగంలో ఉండగానే చుట్టూ తొడుగు బిగిస్తే చాలావరకు పన్ను దక్కుతుంది. వేరులోకి దిగితే ఎడమవైపు గతే.

తొడుగు అవసరమయ్యే సందర్భాలు ఆయన మాటల్లో నాకు ఇలా తోచాయి. వేరు చికిత్స జరిగిన దవడపన్ను. సొంత గోడలకంటె పూడిక ఎక్కువైన పన్ను. పగులు మొదలైన పన్ను. రాత్రి నిద్రలో పళ్ళు కొరికే అలవాటు వల్ల సగానికి అరిగిన పన్ను. పసిపిల్లల పాలపళ్ళకు కూడా ఒక్కొక్కప్పుడు తొడుగు వేస్తారని విని చాలామంది నవ్వుతారు, ఎలాగూ ఊడిపోయేవే కదా అని. వెనుక పాలపన్ను పది, పన్నెండేళ్ళదాకా ఉండి, తరువాత రాబోయే పంటికి చోటు కాపాడాలి. వాటికి ముందుగానే తయారుచేసిన ఉక్కు తొడుగులున్నాయి. స్కాట్లండులో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు అసలు చెక్కకుండానే, మత్తుసూది లేకుండానే, పుచ్చిన పాలపంటిమీద దాన్ని బిగించే పద్ధతిని వాడి చూపింది. పరిశోధకులు దాన్ని పరీక్షించి మంచిదేనన్నారు.

చిన్న పుచ్చుకు తొడుగు అక్కరలేదు, పూడ్చితే చాలు. పంటిలో సగం గట్టిగా ఉంటే, మిట్టలను మాత్రమే కప్పే సగం తొడుగు కూడా ఉన్నది. ఇక గోడలు చిగురుదాకా కూలి, వేరు మాత్రమే మిగిలితే తొడుగు నిలవదు. చిగురుపైన చుట్టూ కనీసం మిల్లీమీటరున్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉండాలి; పొన్ను పట్టడానికి కర్ర ఉండాలి గదా! వేరులో కడ్డీ దించి పైన సిమెంటు మొద్దు కట్టడం ఒక ఉపాయమే గాని, కడ్డీ పంటికి బలమివ్వదు, మొద్దును నిలబెడుతుంది, అంతే.

తొడుగు వేసే విధానాన్ని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మొదటిసారి పంటిని చెక్కి, అచ్చు తీసి, తాత్కాలికంగా ఒక తొడుగు వేసి పంపుతారు; రెండవసారి అసలుదాన్ని అంటిస్తారు. ఈ మధ్య కొన్నిచోట్ల కెమెరాతో పంటి రూపాన్ని పట్టి యంత్రంతో మలుస్తున్నారు. చెక్కే ములుకు వజ్రపు పొడి అద్దినదని విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. ప్రపంచపు వజ్రాలను సానబెట్టే ఊళ్ళో ఒక నేతకార్మికుని నోట్లోకి వజ్రం ఆ రూపంలో ప్రవేశించింది.

ఏ పదార్థంతో అన్నది అంగట్లో చీరల బేరమంత గందరగోళం. తూర్పున ఎందరో తాతలు బంగారు పన్ను మెరిపించినవారే. నిజానికి బంగారు మిశ్రమం దవడపంటికి చాలా మంచిది, ఎదురుపంటిని అరగదీయదు. ఇప్పుడు దాని ధర మాటాడుకోవడం దండుగ. మామూలు లోహపు తొడుగు పలుచగా ఉన్నా బలంగా ఉంటుంది, పంటిని తక్కువ చెక్కితే చాలు, చౌక. రంగు తప్ప దానిలో లోపం లేదు. నికెల్ పడనివారు మాత్రం ముందే చెప్పాలి. లోహంమీద పింగాణి కాల్చినది తెల్లగా ఉంటుంది గాని, ఒక్కొక్కప్పుడు పింగాణి పెచ్చు లేస్తుంది. జిర్కోనియా తెలుపూ బలమూ కలిసినది, ఖరీదు ఎక్కువ. ముందు పళ్ళకు గాజుజాతి పింగాణి సహజంగా కనబడుతుంది. పింగాణి తొడుగుకు పందొమ్మిదవ శతాబ్దం చివర రూపమిచ్చిన డెట్రాయిట్ దంతవైద్యుడు ఛార్లెస్ లాండ్, అట్లాంటిక్ సముద్రాన్ని 1927లో ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్‌కు మాతామహుడట. ఈ విషయం ఎవరి పంటికీ ఉపయోగపడదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు మాత్రం కొన్ని ఉన్నాయి. ఈ పంటికి పూడిక ఎందుకు చాలదు? చిగురుపైన గట్టి గోడ ఎంత మిగిలింది? తొడుగు వేయకపోతే ఏమవుతుంది, ఎంత కాలం ఆగవచ్చు? రూట్ కెనాల్ తరువాత తాత్కాలిక సిమెంటుతో నెలల తరబడి గడపడం రెండు విధాల చేటు. పన్ను పగలవచ్చు, సిమెంటు సందునుంచి ఉమ్మి, క్రిములు దిగి చేసిన చికిత్స చెడవచ్చు. అది వారాల పని, నెలల పని కాదు. డబ్బు చాలనివారికి దంతవైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి; విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు, నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది, ఖర్చు చాలా తక్కువ.

తొడుగు వేసిన పన్ను పుచ్చదనే భ్రమ కూడా ఉన్నది. తొడుగు పుచ్చదు, దాని అంచు చిగురును తాకే చోట మిగిలిన సొంత పన్ను తప్పకుండా పుచ్చుతుంది, బ్రష్షు అక్కడికి చేరకపోతే. వేయించుకున్న రోజున ఎత్తుగా తగులుతున్నదనిపిస్తే, అలవాటవుతుందిలే అని ఊరుకోక వెనక్కు వెళ్ళి సరిచేయించుకోవాలి.

అన్న కుడివైపు పంటికి ఆ నెలలోనే తొడుగు పడింది. డాక్టరు డబ్బు మూడు వాయిదాలలో తీసుకున్నాడు. తెల్లనిది కావాలా అని అడిగితే, "ఎనక పన్ను ఎవరు చూస్తరు సార్, ఇనుపదే ఎయ్యి" అన్నాడట. మావా పూర్తిగా మానలేదు. రోజుకు రెండుకు తెచ్చానంటాడు, వదిన నాలుగంటుంది. అమ్మాయి పళ్ళమీద మరకలు పూర్తిగా పోలేదు గాని, చాలా లేతబడ్డాయి. పెళ్ళి నిరుడు వైశాఖంలో జరిగింది. ఆల్బంలో ఒక్క ఫోటోలోనే చేయి అడ్డం పెట్టుకుని కనిపించింది, అది కూడా తలంబ్రాలు కళ్ళలో పడినప్పుడు.

ఎడమవైపు ఖాళీ అలాగే ఉన్నది. దాన్ని పూరించాలంటే ఎముకలో మర పాతడమో, రెండు పక్కల పళ్ళను చెక్కి వంతెన కట్టడమో చేయాలి. ఏదయినా అప్పుడు వద్దనుకున్న ఒక్క తొడుగుకంటె ఎక్కువ ఖర్చు. ఈ సంక్రాంతికి పల్లె నుంచి మళ్ళీ సకినాల డబ్బా వెళ్ళింది. కుడివైపున మాత్రమే నములుతున్నానని, కొంచెం ఆలస్యమయినా డబ్బా ఖాళీ అయిందని అన్న ఫోనులో చెప్పాడు.